జయపురం నుంచి విశాఖకు: ఆకాశమార్గాన ఎంత దూరం, ఎంతసేపు?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు విశాఖపట్నం రాకపోకలు కొత్త కాదు. పెళ్ళిళ్ళకూ, చదువులకూ, కేజీహెచ్‌లో వైద్యానికీ పొట్టంగి మీదుగా సాలూరు ఘాట్ దిగి వెళ్తూనే ఉంటారు. ఆ రోడ్డు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. విమానంలో అయితే ఎంత దూరమో తెలుసుకోవడానికి కాగితం, పెన్సిలు చాలు.

జయపురం విమానాశ్రయం సుమారు 18.88 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.55 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాతో కలిసి ఉన్న విశాఖ విమానాశ్రయానివి 17.72, 83.22. అక్షాంశాల తేడా 1.16 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున అది 129 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడతాయి కనుక మన ప్రాంతంలో వాటి మధ్య డిగ్రీకి దాదాపు 106 కిలోమీటర్లే ఉంటుంది, 0.67 డిగ్రీల తేడాకు 71 కిలోమీటర్లు వస్తుంది. ఈ రెండింటినీ భుజాలుగా తీసుకుని లంబకోణ త్రిభుజం గీస్తే కర్ణం 147 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉన్నా, ఇంత చిన్న దూరంలో ఆ వంపును పట్టించుకోనక్కరలేదు.

కాలం లెక్క ఇంత సులువు కాదు. ఇలాంటి చిన్న రన్‌వేల మీద తిరిగే తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ గంటకు సుమారు 330 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే 27 నిమిషాలు చాలాలి. కాని తూర్పు కనుమలను దాటే ఎత్తుకు ఎక్కేటప్పుడు ఆ వేగం ఉండదు. దిగేటప్పుడు గాలికి ఎదురుగా రన్‌వేను అందుకోవడానికి చుట్టు తిరగవలసి రావచ్చు. రన్‌వేకు వెళ్ళేటప్పుడూ, దిగాకా విమానం నేల మీద నడిచే నిమిషాలు వేరు. దూరం తగ్గినా ఇవేవీ తగ్గవు కాబట్టి, ప్రయాణం ఎంత చిన్నదైతే లెక్క అంత ఎక్కువగా తప్పుతుంది.

గాలి సంగతి మరింత ఆసక్తికరం. పోయేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు తోడవుతుంది కనుక చెల్లుకు చెల్లు అని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అలా తేలదు. ఉదాహరణకు జయపురం, భువనేశ్వర్‌ల మధ్య ఆకాశమార్గం దాదాపు 375 కిలోమీటర్లు. అదే 330 కిలోమీటర్ల వేగంతో, గాలి లేకుంటే రానూపోనూ 136 నిమిషాలు. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఒకే దిక్కుగా వీస్తే ఎదురుగా 78 నిమిషాలు, తోడుగా 61 నిమిషాలు, మొత్తం 139 నిమిషాలు పడుతుంది. విమానం ఎదురుగాలిలో ఎక్కువసేపు, అనుకూల గాలిలో తక్కువసేపు ఉండటమే దీనికి కారణం. అందుకే నష్టం ఎన్నడూ పూర్తిగా తీరదు.

వీటన్నిటికంటే బలమైనది కొరాపుట్ పీఠభూమి మీది శీతకాలపు పొగమంచు. పరికరాల సాయంతో దిగే ఏర్పాటు లేని చిన్న విమానాశ్రయాల్లో పైలట్ కంటిచూపు మీదే ఆధారపడాలి. అందుకు సాధారణంగా 5 కిలోమీటర్ల మేర స్పష్టంగా కనిపించాలి. మంచు విడవడానికి రెండు గంటలు పడితే, అదే వేళకు బయలుదేరిన బస్సు అప్పటికి పొట్టంగి దరిదాపులకు చేరి ఉంటుంది.