ఈసీజీ నార్మల్, మరి ఈ దడ ఏంటి? ఆందోళన, ఒంటరితనం: అపోహలు - వాస్తవాలు

సైకియాట్రీ ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒక కవరు ఉంటుంది. రెండు మూడు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, థైరాయిడ్ రిపోర్టు, గ్యాస్ మాత్రలు రాసిన చీటీ. అన్నీ నార్మలే. ఆ కవరు బల్ల మీద పెట్టి మొదట అనే మాట, "నాకేం పిచ్చి లేదు మేడమ్, గుండె డాక్టరుగారు పంపితే వచ్చాను."

అపోహ: రిపోర్టులు నార్మల్ అంటే ఏమీ లేదు, అంతా అనుమానమే.

దడ నిజం, చెమట నిజం, ఊపిరి ఆడకపోవడం నిజం. కుక్క వెంటపడితే పరిగెత్తడానికి ఒంట్లో అడ్రినలిన్ ఎలా పొంగుతుందో, పానిక్ అటాక్‌లో, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే భయంలో, కుక్క లేకుండానే అలా పొంగుతుంది. గబగబా ఊపిరి తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెదాల చుట్టూ జివ్వుమంటుంది, పక్షవాతమేమోనని భయం పుడుతుంది, ఆ భయానికి ఊపిరి ఇంకా వేగమవుతుంది. సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగిపోతుంది. అలాగని ఆ పరీక్షలు దండగ కాదు, థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. ఛాతీ నొప్పి మొదటిసారి వస్తే మా దగ్గరికి కాదు, ఎమర్జెన్సీకే వెళ్లండి.

అపోహ: సైకియాట్రీ మాత్రలు మొదలుపెడితే ఇక జీవితాంతం.

రెండు రకాల మందులను ఒకే గాటన కట్టేయడం వల్ల వచ్చిన గొడవ ఇది. ఆందోళన తగ్గడానికి మేము రోజూ వేసుకోమనే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి మత్తుకు అలవాటయ్యే రకం కాదు. పనిచేయడానికి వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో తిప్పుతుంది, కొందరికి గాభరా కాస్త పెరుగుతుంది కూడా. మూడో రోజే మానేసి "పడలేదు" అనేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఆపాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. నిజంగా అలవాటయ్యేది ఆల్ప్రజోలం లాంటి, వెంటనే మత్తునిచ్చే మాత్ర. తమాషా ఏంటంటే, మా మందులంటే భయపడేవాళ్లే పక్కింటావిడ చెప్పిందని దాన్ని రోజూ రాత్రి వేసుకుంటుంటారు! నెలల తరబడి వాడి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. అందరికీ మందులు అక్కర్లేదు కూడా, సీబీటీ అనే మాటల చికిత్సతోనే చాలామంది కుదుటపడతారు.

అపోహ: చుట్టూ ఇంతమంది ఉంటే ఒంటరితనం ఎందుకు?

అమీర్‌పేట హాస్టల్లో ఒక గదిలో నలుగురు కుర్రాళ్లు, నాలుగు ఫోన్లు, ఎనిమిది ఇయర్‌బడ్స్. ఊరి నుంచి అమ్మ ఫోను. "తిన్నావా నాన్నా?" "ఆ, తిన్నానమ్మా." "ఏం కూర?" "పప్పు." అయిపోయింది. ఉద్యోగాల నోటిఫికేషన్ రాలేదన్న దిగులు, నిద్ర పట్టని రాత్రులు ఆ పప్పు వెనకే ఉండిపోతాయి. ఒంటరితనం జబ్బు కాదు, దానికి మాత్ర లేదు. కానీ ఆందోళనతో కలిస్తే కష్టం: నలుగురిలోకి వెళ్లాలంటే భయం, వెళ్లకపోతే నాలుగు రోజులకి ఆ భయం రెట్టింపు. అందుకే నేను చెప్పేది చాలా చిన్న పని. రోజూ ఒకే టీ కొట్టుకి, ఒకే టైముకి, ఫోను జేబులోంచి తీయకుండా వెళ్లండి. మొదటి వారం మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

అపోహ: వెళ్తే ఊరంతా తెలిసిపోతుంది.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రులకే పోనక్కర్లేదు, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంటుంది. గడప దాటడానికే మనసొప్పకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, పగలూ రాత్రీ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లని పక్కనే కూర్చోబెట్టుకుని ఫోను చేయండి.

ఓపీకి వచ్చేటప్పుడు ఆ కవరు తెచ్చుకోండి, మళ్లీ ఈసీజీ తీయించే ఖర్చు తప్పుతుంది.