కొండ మీద గాలి వీస్తే చాలదండీ: విండ్ పవర్ అపోహలు - వాస్తవాలు

గాలిమరల సైట్లలో పనిచేస్తానని తెలిస్తే చాలు, తిరుపతిలో టీ కొట్టు దగ్గర కూడా ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఎక్కువగా వినేవి ఇవీ.

అపోహ: "మా కొండ మీద గాలి దంచికొడుతుంది, ఫ్యాన్ పెడితే లాభమే."

మొన్న బాకరాపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన ఫోన్‌లో వీడియో చూపించాడు. మామిడి కొమ్మలు ఊగిపోతున్నాయి, వెనక రేకుల షెడ్డు టపటపా కొట్టుకుంటోంది. "చూడన్నా, ఎంత గాలో!" ఎప్పుడు తీశావంటే మే నెలలో, వానకు ముందు అన్నాడు. ఆ అరగంట గాలితో మాకు పనిలేదు. గాలి కొలిచే ఎత్తైన స్తంభం (మాస్ట్) నిలబెట్టి కనీసం ఏడాది కొలవాలి, ఎందుకంటే గాలి వేగం సగానికి తగ్గితే అందులోని శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పోనీ బాగా ఎక్కువ వీచినా కష్టమే, సెకనుకు 25 మీటర్లు దాటితే చాలా మరలు వాటంతటవే ఆగిపోతాయి.

అలాగని మన దగ్గర గాలే లేదని కాదు, తిరుమల కొండ మీద గాలిమరలు చూసే ఉంటారు. 120 మీటర్ల ఎత్తులో ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు 75 గిగావాట్ల అవకాశం ఉందని చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ లెక్క. ఇప్పటికి పెట్టింది 4 గిగావాట్ల చిల్లర, అదీ ఎక్కువగా అనంతపురం, కర్నూలు వైపే. మిగతాదంతా కాగితం మీద గాలి. ఇప్పటి పెద్ద మర రెక్క ఒక్కటే 60 మీటర్లు దాటుతుంది, దాన్ని మోసే లారీ బాకరాపేట ఘాట్ మలుపుల్లో ఎలా తిరుగుతుందో మీరే ఊహించుకోండి.

అపోహ: "గవర్నమెంటు సగం డబ్బులిస్తుందట."

ఇది మేడ మీది సోలార్‌తో కలిపేయడం. కేంద్రం పెట్టిన పీఎం సూర్య ఘర్ పథకం కింద ఇంటికి 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయలు ఇస్తారు, గాలిమరకు అది రాదు. గాలి కరెంటుకు యూనిట్‌కు 50 పైసలిచ్చే ప్రోత్సాహకం 2017 మార్చితోనే ముగిసింది. మర ఖర్చును లాభంలోంచి తీసేసి పన్ను తగ్గించుకునే తరుగుదల మినహాయింపు కూడా అప్పుడే 80 నుంచి 40 శాతానికి దిగింది, అదీ బాగా లాభాలొచ్చి పన్ను కట్టేవాళ్లకే అక్కరకొస్తుంది.

అపోహ: "కరెంటు కొనే ఒప్పందం ఉంటే 25 ఏళ్లు టెన్షన్ లేదు."

2019లో మన రాష్ట్రమే పాత ఒప్పందాల రేట్లు తగ్గించాలంది, కేసు తేలేదాకా యూనిట్‌కు 2.43 రూపాయలే లెక్కగట్టారు. ఒప్పందంలోని రేటే ఇవ్వాలని హైకోర్టు తీర్పు చెప్పింది 2022 మార్చిలో. ఈలోగా బ్యాంకు కిస్తీలు ఎవరి కోసమూ ఆగవు కదా.

బాకరాపేట ఆయన నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, బోరు మోటారుకు సోలార్ పెడితే ఎంతవుతుందని.