రీఫ్ అక్వేరియంలో నాచు: అరవై ఏళ్ల తగవు

ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచేవారి మధ్య ఒక వాదం ఎంతకీ తెగడం లేదు. నాచుకు పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్‌లను వీలైనంతగా సున్నాకు దించితేనే నాచు పీడ విరగడవుతుందని కొందరంటారు. సున్నాకు దించడమే కొత్త తెగుళ్లను పిలుస్తోందని మరికొందరి మాట. నా మొగ్గు రెండోవారి వైపే. నాచును అణచడానికి ఇన్నేళ్లుగా జరిగిన ప్రయత్నాలను వరుసగా చూస్తే ఆ మొగ్గుకు కారణం తెలుస్తుంది.

జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించారు. ఫిల్టర్ అంటూ ఏమీ లేదు. సముద్రం నుంచి తెచ్చిన, జీవులతో నిండిన రాళ్లు, ఎండ, సన్నని గాలి బుడగలు, అంతే. నేడు లైవ్ రాక్ అంటున్నది ఆ రాళ్లనే. వాటి లోపల ఆక్సిజన్ అందని చోట బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. ఇంత తేలికైన పద్ధతి పెద్దగా ప్రచారంలోకి రాలేదు. ఇసుక కింద అమర్చే ఫిల్టర్లే చాలాకాలం రాజ్యమేలాయి. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అమెరికాలో నీటిని పై నుంచి సన్నగా జారవిడిచి శుభ్రం చేసే ట్రికిల్ ఫిల్టర్లకు గిరాకీ పెరిగింది. చేపలను చంపే అమ్మోనియాను ఇవి చక్కగా నైట్రేట్‌గా మార్చేవి. ఆ నైట్రేట్‌కు మాత్రం బయటికి దారి లేదు. చేపల మేతతో వచ్చే ఫాస్ఫేట్ కూడా తొట్టిలోనే పేరుకునేది. చేపలు బతికాయి, రాళ్ల నిండా జుట్టు నాచు మొలిచింది.

దీనికి రెండు భిన్నమైన జవాబులు వచ్చాయి. స్మిత్‌సోనియన్ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ నాచుతోనే నాచును కట్టడి చేయవచ్చన్నారు. తొట్టికి వేరుగా, బలమైన వెలుతురులో ఒక జాలీ మీద అలలుగా నీరు పారిస్తే అక్కడ నాచు దట్టంగా పెరిగి పోషకాలను లాక్కుంటుంది. దాన్ని గీకి పారేస్తే పోషకాలూ తొట్టి నుంచి బయటపడతాయి. నీరు పసుపు రంగుకు తిరుగుతోందని విమర్శలు వచ్చినా ఆ ఆలోచన నేటికీ నిలిచి ఉంది. బెర్లిన్‌లోని అభిరుచిపరులు మరో దారి పట్టారు. లైవ్ రాక్‌కు, బుడగలతో నురగ పుట్టించే ప్రొటీన్ స్కిమ్మర్ అనే పరికరాన్ని జోడించి, వ్యర్థాలు కుళ్లకముందే నురగతో పాటు బయటికి లాగేశారు. 1990లలో ఎక్కువమంది నడిచింది ఈ బాటలోనే.

అప్పటికే కరీబియన్ సముద్రం తొట్టివాళ్లకు ఒక పాఠం చెప్పింది. దాన్ని మనవాళ్లు తగినంతగా పట్టించుకోలేదని నా బాధ. 1983లో పనామా తీరాన మొదలైన ఒక తెగులు డయడెమా అనే, నాచు మేసే పొడవాటి ముళ్ల సముద్ర జీవులైన అర్చిన్లను ఏడాది కాలంలో ఆ సముద్రమంతటా తుడిచిపెట్టింది. వాటిలో తొంభై శాతానికి పైగా చనిపోయాయి. జమైకాలో నాచు మేసే చేపలు అతి వేటతో అప్పటికే తగ్గిపోయి ఉన్నాయి. 1980 నాటి తుపాను పగడాలను విరగ్గొట్టి ఉంది. మేసేందుకు మిగిలిన అర్చిన్లు కూడా పోవడంతో, 1970ల చివర 52 శాతం ఉన్న పగడాల విస్తీర్ణం 1990ల ఆరంభానికి 3 శాతానికి పడిపోయింది. నాచు 4 నుంచి 92 శాతానికి ఎగబాకింది. నాచు పెరగడానికి పోషకాలు ఎంత కారణమో, మేసే నోళ్లు లేకపోవడం అంతే కారణం. టర్బో నత్త నాచు పట్టిన రాయి మీద ఒక రాత్రి తిరిగిందంటే, తెల్లారేసరికి అది వెళ్లిన దారి పొడవునా రాయి బయటపడుతుంది. ఏ రసాయనమూ ఇంత శుభ్రంగా పని చేయదు.

అయినా 2000ల తర్వాత దృష్టంతా పరీక్షా ద్రావణాల అంకెల మీదికే పోయింది. ఐరన్ ఆక్సైడ్ గుళికలతో ఫాస్ఫేట్‌ను పీల్చారు. వోడ్కా చుక్కలు వేసి బాక్టీరియాను పెంచి, నైట్రేట్‌ను తినిపించి, ఆ బాక్టీరియాను స్కిమ్మర్‌తో తీసేశారు. అంకెలతో ఒక చిక్కుంది. తొట్టి నిండా జుట్టు నాచు ఉన్నప్పుడు కూడా ఫాస్ఫేట్ సున్నా చూపవచ్చు. నీటిలోకి వచ్చింది వచ్చినట్టే నాచు తాగేస్తుంటే పరీక్షకు మిగిలేదేముంది? రాళ్లలో ఇంకిన ఫాస్ఫేట్ నెలల తరబడి ఊరుతూనే ఉంటుంది.

నిజంగానే సున్నాకు చేరిన తొట్లలో పగడాలు పాలిపోయాయి. పోటీ లేని ఆ ఖాళీలో డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు చొరబడ్డాయి. గోధుమరంగు జిగురు తీగలుగా, కొసన గాలి బుడగలతో కనిపించే ఇవి జుట్టు నాచు కంటే మొండివి. వీటిలో ఆస్ట్రియాప్సిస్ వంటివి విషం వదులుతాయి. వాటిని మేసిన నత్తలు చచ్చిపోతాయి. వీటిని వదిలించడానికి ఒకప్పుడు తరిమేసిన నైట్రేట్, ఫాస్ఫేట్‌లనే చాలామంది కొలిచి మరీ తొట్టిలో పోస్తున్నారు.

లైవ్ రాక్ సేకరణపై ఆంక్షలు పెరిగాక చాలా తొట్లు ఎండు రాళ్లతో మొదలవుతున్నాయి. ఆ రాళ్ల మీద జీవజాలం ఉండదు కాబట్టి మొదటి నెలల్లో డయాటమ్‌లు అనే గోధుమరంగు సూక్ష్మ నాచు, జిగురు పొరలా పరుచుకునే సయనోబాక్టీరియా, జుట్టు నాచు ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. అది చూసి బెదిరి మందుల సీసా తీసేవారికి నేను చెప్పేది ఒకటే. ముందు బాగా కుదురుకున్న తొట్టి నుంచి చిన్న లైవ్ రాక్ ముక్క తెచ్చి వేయండి, నాచు ముదరకముందే నత్తలను దించండి, చేపల మేత తగ్గించండి. ఫాస్ఫేట్‌ను లీటరుకు 0.03 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉండనివ్వండి, సున్నా కోసం వెంటపడకండి.