నల్ల తెర ముందు మొదటి గంట

నల్లకుంట,
హైదరాబాద్

చిరంజీవులు చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో కొన్న పాత లాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారట, సంతోషం. "నల్ల తెర మీద హాష్ గుర్తు పెట్టి ఊరుకుంది, చెడిపోయిందా తాతయ్యా?" అని ఫోన్లో అడిగారు కదా, చెడిపోలేదర్రా. మీరేదో చెబుతారని చూస్తోంది. కమాండ్ల పేర్లు నేను తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ముందుగా 'మెయిల్' అని కొట్టండి. మీకంటే ముందే అందులో ఒక ఉత్తరం వచ్చి కూర్చుని ఉంటుంది. 1995లో నెట్‌బీఎస్‌డీ అనే మరో సిస్టమ్ నుంచి వేరుపడి ఈ సిస్టమ్‌ను మొదలుపెట్టిన థియో డి రాట్ పేరుతో వచ్చే స్వాగతం అది. చదివి, క్యూ కొట్టి బయటికి రండి. ఆ తర్వాత 'మ్యాన్ ఆఫ్టర్‌బూట్'. మొదటిసారి బూట్ అయ్యాక ఏమేం సరిచూసుకోవాలో ఆ పేజీలోనే ఉంది. యూట్యూబ్ వీడియోలు తర్వాత చూడొచ్చు.

ఇప్పుడు 'డేట్' కొట్టండి. నవ్వకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగిన ప్రతిదానికీ ఎంటర్ కొట్టుకుంటూ పోయుంటారు, నాకు తెలుసు. చివర్లో ఐఎస్‌టీ, అంటే మన భారత సమయం అని రావాలి. యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం అని వస్తే గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉన్నట్టు.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఒక ఆఫీసు మెషిన్‌లో రాత్రి 2 గంటలకు బ్యాకప్ నడిచేలా పెట్టాను. రోజూ పొద్దున్నే బిల్లుల కౌంటర్ దగ్గర మెషిన్ నత్తనడక నడిచేది. జనం క్యూలో నిలబడి గుమాస్తాను తిట్టడం, గుమాస్తా నన్ను తిట్టడం. డిస్క్ చూశాను, మెమరీ చూశాను, కేబుళ్లు మార్చాను. రెండు వారాలు! చివరికి 'డేట్' కొడితే తెలిసింది, అది యూటీసీలో ఉంది. దాని 2 గంటలంటే మనకు ఉదయం 7:30. తప్పు నాదేనని ఆ గుమాస్తాకు ఇప్పటికీ చెప్పలేదు.

ఇక ఆ హాష్ గుర్తు సంగతి. అది కనిపిస్తోందంటే మీరు రూట్‌గా, అంటే మెషిన్ మీద సర్వాధికారాలూ ఉన్న ఖాతాలో ఉన్నారన్నమాట. రూట్ ఏం చెప్పినా ఈ సిస్టమ్ చేసేస్తుంది, 'నిజంగానా?' అని అడగదు. మీ నాయనమ్మ బీరువా తాళాలు పట్టుకుని కూరగాయలకు వెళుతుందా? 'యాడ్‌యూజర్'తో ఎవరి పేరున వారు ఖాతా తెరుచుకోండి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా పడవు, కంగారుపడకండి. చిన్నిని వీల్ గుంపులో, అంటే అవసరమైతే రూట్ పనులు చేయనిచ్చే వాళ్ల గుంపులో చేర్చండి, బుజ్జిగాడు కొన్నాళ్లు ఆగాలి. అలగొద్దురా. 'ఈటీసీ' డైరెక్టరీలో 'డోయాజ్ (డీ ఓ ఏ ఎస్) డాట్ కాన్ఫ్' అనే ఫైలు తెరిచి 'పర్మిట్ పర్సిస్ట్', ఆ తర్వాత కోలన్, దానికి ఆనించి 'వీల్' అని ఒక్క లైను రాస్తే చాలు. రూట్ అధికారం కావలసిన పెద్ద పని పడినప్పుడు చిన్ని కమాండ్‌కు ముందు 'డోయాజ్' తగిలిస్తుంది, తన పాస్‌వర్డ్ తానే ఇస్తుంది. మిగతా సమయమంతా మామూలు ఖాతాకు వచ్చే డాలర్ గుర్తు దగ్గరే ఉండండి.

వైఫై రాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి నెట్ ఇచ్చి, 'ఎఫ్‌డబ్ల్యూ', అండర్‌స్కోర్, 'అప్‌డేట్' ఖాళీ లేకుండా ఆనించి కొట్టి నడపండి. వైఫై చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామును లైసెన్సు చిక్కుల వల్ల చాలాసార్లు సిస్టమ్‌తో కలిపి ఇవ్వరు. పనిలో పనిగా సిస్టమ్‌లోని లోపాలు సరిదిద్దే 'సిస్‌ప్యాచ్' కూడా నడపండి.

ఈ రాత్రికి లాప్‌టాప్‌ను ఆపకుండా చార్జర్‌కు పెట్టి పడుకోండి. ఒంటిగంటన్నరకు అది తనంతట తానే లేచి, ముఖ్యమైన ఫైళ్లలో ఏం మారిందో చూసి, చెప్పాల్సింది ఉంటే రూట్‌కు ఉత్తరం రాస్తుంది. పొద్దున అందులో మీ కొత్త ఖాతాల పేర్లు కనిపిస్తాయేమో చూసి, నాకు ఫోన్లో చదివి వినిపించండి. తొమ్మిది లోపల చేయండి, ఆ తర్వాత నేను నడకకు వెళతాను.

మీ తాతయ్య