అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

అపోహ: డెమో చూశాం, బాగుంది, కొనేయొచ్చు.

వాస్తవం: డెమోలో కనిపించేది అమ్మేవాళ్ల డేటా. అందులో వెనక్కొచ్చిన సరుకు ఉండదు, సగం కట్టి సగం ఆపిన పార్టీ ఉండదు. మీ కిందటి నెల బిల్లుల్లో చిక్కువి ఏరి, మీ అకౌంటెంట్ చేతే ట్రయల్ కాపీలో ఎంట్రీ వేయించండి. నేను తప్పకుండా చేయించేది ఒకటుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా. అంతకుముందు 12 శాతంతో అమ్మిన సరుకు ఆ తర్వాత తిరిగొచ్చిందనుకోండి, క్రెడిట్ నోట్ (తిరిగొచ్చిన సరుకు విలువను తగ్గిస్తూ ఇచ్చే కాగితం) పాత బిల్లును బట్టి 12 శాతంతోనే రావాలి. ఐటమ్ మాస్టర్‌లో, అంటే సరుకుల వివరాలుండే జాబితాలో, రేటు 5కి మార్చగానే పాత బిల్లులు కూడా 5కి మారిపోతే, మిగతా ఫీచర్ల గురించి వినక్కర్లేదు. లేచి వచ్చేయండి.

అపోహ: ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీని ఎవరు, ఎప్పుడు మార్చారో రాసిపెట్టే రికార్డు) ఉందన్నారుగా, చాలు.

వాస్తవం: కంపెనీలకు, చిన్న ప్రైవేట్ లిమిటెడ్‌లతో సహా, ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. (ప్రొప్రైటర్‌షిప్ షాపులకు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లకు ఈ రూల్ లేదు. ఉందని భయపెట్టి ఖరీదైన ప్లాన్ అంటగడితే నమ్మకండి.) లాగ్ ఉంటే సరిపోదు, దాన్ని ఎవరూ ఆపలేకుండా కూడా ఉండాలి. ఒక పాత వోచర్‌లో (లావాదేవీ ఎంట్రీలో) అమౌంట్ మార్చండి, ఇంకోదాంట్లో తేదీ మార్చండి, మరొకటి డిలీట్ చేయండి. పాత అంకె, మార్చినవాళ్ల పేరు, మార్చిన రోజు కనపడాలి. తర్వాత అడ్మిన్ లాగిన్‌తో ఆ లాగ్‌నే ఆఫ్ చేసి చూడండి. ఆఫ్ అయిందంటే ఆడిటర్ ఆ సంగతి రిపోర్టులో రాయక తప్పదు. అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది కంపెనీయే, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు కాదు.

అపోహ: ధర వెబ్‌సైట్‌లో చూపించినంతే.

వాస్తవం: రెండో యూజర్, రెండో బ్రాంచి, పాత డేటా ఎక్కించడం, అన్నిటికీ వాళ్లు విడిగా డబ్బులు అడగొచ్చు. మూడేళ్లకు కలిపి కొటేషన్ తీసుకోండి.

అపోహ: క్లౌడ్ కాబట్టి బ్యాకప్ టెన్షన్ లేదు.

వాస్తవం: కంపెనీ లెక్కల బ్యాకప్ ప్రతిరోజూ మన దేశంలోని సర్వర్‌లో పడాలి. లెక్కల్ని ఎనిమిదేళ్లు దాచాలి. ఈలోగా మీరు సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తే? పీడీఎఫ్‌లు ఇస్తామంటే ఒప్పుకోకండి. వోచర్లు, లెడ్జర్లు, ఎడిట్ లాగ్‌తో సహా, కనీసం ఎక్సెల్‌లోకైనా రావాలి. లాగ్‌ను చాలామంది మర్చిపోతారు. ఎన్నాళ్లలో ఇస్తారో, ఎంత తీసుకుంటారో మెయిల్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.