చైన్ స్టోర్ తిరుపతి బ్రాంచ్‌కి ఇండెంట్ (సరుకు ఆర్డర్) ఎవరు రాయాలి?

2025 జూన్, జులై నెలల్లో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. గుజ్జు ఫ్యాక్టరీల్లో కిందటేటి నిల్వలు అలాగే ఉండిపోయాయి. కాయల ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరాయి. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు ఇప్పిస్తామని ప్రకటించారు. ఆ 8 కూడా చేతికి రావడం లేదని రైతులు రోడ్డెక్కారు. అదే సమయంలో దేశం మొత్తం లెక్కల్లో ఆర్థిక మాంద్యం ఊసే లేదు. బంగారుపాళ్యం, పూతలపట్టు చుట్టుపక్కల అంగళ్లకు మాత్రం అది అసలు సిసలు గడ్డుకాలం. మామిడి డబ్బు చేతికొస్తేనే ఇక్కడ పెళ్లి బట్టలు కొంటారు, ఫ్రిజ్ మారుస్తారు, అంగట్లో పాత పద్దు తీరుస్తారు.

తిరుపతి సంగతి వేరు. ఈ ఊరికి మామిడితో పని తక్కువ, కొండమీద దర్శనంతోనే పని. కరోనా వల్ల 2020 మార్చి 20 నుంచి శ్రీవారి దర్శనం ఆపేశారు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినా రోజుకి కొన్ని వేలమందినే పంపారు. ఆ రోజుల్లో గాంధీ రోడ్డు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులు చూసినవాళ్లకు ఈ ఊరి వ్యాపారం దేనిమీద నిలబడిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చిత్తూరుకీ తిరుపతికీ మధ్య దూరం 70 కిలోమీటర్లే. అయినా రెండు ఊళ్లకూ కష్టం ఒకే రోజు రాదు, ఒకే దారిలో రాదు. చైన్ స్టోర్ల హెడాఫీసులకు అర్థంకానిది ఇదే. వ్యాపారం మందగించిందని తెలియగానే అవి చేసే మొదటి పని, బ్రాంచ్ మేనేజర్ చేతిలో ఉన్న కాస్త అధికారాన్నీ వెనక్కి లాక్కోవడం. లోకల్ కొనుగోళ్లు బంద్. డేటు దగ్గరపడ్డ సరుకు మీద ధర తగ్గించాలన్నా రీజినల్ ఆఫీసుకి మెయిల్ పెట్టాలి. ఇండెంట్ కంప్యూటరే వేస్తుంది. ఖర్చు అదుపులో పెట్టామని పైవాళ్లు అనుకుంటారు. నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందుల పని. గతంలో గడ్డుకాలాలు దాటుకొచ్చిన వ్యాపారాల కథ చూసినా అదే కనిపిస్తుంది.

పాత అంగడి నుంచి మొదలుపెట్టాలి. మన జిల్లాలో వెచ్చాల అంగడి నడిపే శెట్టిగారికి మేనేజ్‌మెంట్ పాఠాలు ఎవరూ చెప్పలేదు. కానీ దేవస్థానం ఉద్యోగికి జీతం ఎప్పుడు పడుతుందో, కూలివాళ్లకు బట్వాడా ఏ రోజో, ఏ ఇంట్లో ఆడబిడ్డ పురిటికి వచ్చిందో ఆయనకు తెలుసు. వానలు లేని ఏడాది అప్పు పూర్తిగా ఆపేసేవాడు కాదు. సోనామసూరి అడిగిన ఇంటికి ఒక రకం తక్కువ బియ్యం చూపించి, నూనె డబ్బా బదులు అరకిలో ప్యాకెట్లు ఇచ్చి, పద్దు పెరగకుండా చూసుకునేవాడు. వాడికెగా వచ్చే మనిషి చేజారకూడదు, డబ్బూ మునగకూడదు. ఆ రెండింటి మధ్య రోజూ నిర్ణయం తీసుకునేవాడు.

ఆ అంగళ్లలో అన్యాయం లేదని కాదు. తూకంలో మోసం, అప్పు మీద వస్తువుకు ఎక్కువ ధర, కరువులో సరుకు దాచడం, అన్నీ ఉండేవి. వినియోగదారుల సహకార స్టోర్లు పుట్టింది ఆ కోపంలోంచే. మద్రాసులో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ 1904లో మొదలైంది. అప్పటికి చిత్తూరు ఇంకా జిల్లా కాలేదు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు కిందే ఉంది. 1911లో జిల్లా అయింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక ధరలు మండుతుంటే ఢిల్లీలో ప్రభుత్వం సూపర్ బజార్ తెరిచింది. ఆ పేరు తర్వాత చాలా ఊళ్లకు పాకింది. ఉద్దేశం మంచిదే. కానీ ఢిల్లీ సూపర్ బజార్ చివరికి నష్టాల్లో మూతపడింది.

ఈ విషయంలో నాకు అన్నింటికన్నా గట్టిగా కనిపించే ఉదాహరణ జపాన్‌ది. 1973లో చమురు ధరలు పెరిగి ఆ దేశం అతలాకుతలమైంది. ఆ మరుసటేడు, 1974 మేలో, టోక్యోలోని తొయోసులో సెవెన్ ఎలెవెన్ అనే చైన్ చిన్న అంగళ్లలో జపాన్‌లో మొదటిది తెరిచారు. అది అంతకుముందు ఒక చిన్న సారా అంగడి. ఆ అంగడి యజమానే ఫ్రాంచైజీ తీసుకున్నాడు. ఇతో యొకాదో కంపెనీ తరఫున దీన్ని నడిపించిన తోషిఫుమి సుజుకి ఒక పద్ధతి పట్టుకున్నాడు. ఏ వస్తువు ఎంత తెప్పించాలో అంగట్లో పనిచేసేవాళ్లే నిర్ణయించాలి, పార్ట్‌టైమ్ ఉద్యోగి అయినా సరే. రేపు వాన పడుతుందా, పక్క స్కూల్లో ఆటల పోటీలు ఉన్నాయా, వీధిలో రోడ్డు పని జరుగుతోందా చూసుకుని అన్నం ముద్దలు ఎన్ని, లంచ్ డబ్బాలు ఎన్ని అని అంచనా వేసి ఆర్డర్ పెడతారు. మర్నాడు అమ్మకం చూసి, అంచనా ఎక్కడ తప్పిందో సరిచూసుకుంటారు. 1982లో కంప్యూటర్ బిల్లింగ్ తెచ్చినప్పుడు కూడా ఆ లెక్కలు అంగట్లోవాళ్ల ముందుకే చేర్చారు. నిర్ణయం మాత్రం యంత్రానికి అప్పగించలేదు.

సెవెన్ ఎలెవెన్ పేరు అసలు అమెరికాది. డాలస్‌లోని సౌత్‌లాండ్ కార్పొరేషన్ సొత్తు. 1987లో ఆ కంపెనీ వ్యవస్థాపక కుటుంబం భారీ అప్పు చేసి మిగతావాళ్ల షేర్లు కొనేసింది. అదే ఏడు స్టాక్ మార్కెట్ కుదేలైంది. అప్పు తీర్చలేక 1990లో దివాలా పిటిషన్ వేసింది. 1991 మార్చిలో 70 శాతం వాటా కొని దాన్ని నిలబెట్టింది జపాన్‌వాళ్లే, అంటే లైసెన్సు తీసుకున్న శిష్యులు. అమెరికా స్టోర్లలో అప్పటిదాకా రాక్‌లో ఏ సరుకు ఎంత పెట్టాలో చాలావరకు కంపెనీల డెలివరీ మనుషులే తేల్చేవాళ్లు. కొత్త యాజమాన్యం ఆ పని వాళ్ల దగ్గర్నుంచి తీసుకుని స్టోర్ చేతికి ఇచ్చింది.

మన దగ్గర ఈ కథ 2006 తర్వాత ఊపందుకుంది. ఆ ఏడు నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ మొదటి స్టోర్లు హైదరాబాద్‌లో తెరిచారు. 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు త్రినేత్ర సూపర్ మార్కెట్లను కొనేసింది. త్రినేత్ర హైదరాబాద్‌లో పుట్టిన తెలుగు వ్యాపారం, ఆ బోర్డులు తర్వాత మోర్ అయిపోయాయి. ఇక చెన్నైలో 1997లో మొదలైన కిరాణా చైన్ సుభిక్ష 2008 నాటికి దేశమంతా దాదాపు 1,600 స్టోర్లకు చేరింది. సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది, అప్పులు పుట్టడం కష్టమైంది, 2009 మొదట్లోనే సుభిక్ష షట్టర్లు దిగిపోయాయి. జీతాలు, అద్దెలు, సప్లయర్ల బాకీలు ఆగిపోయాయి. సుభిక్ష పడిపోయింది అప్పు మీద విస్తరించడం వల్ల, చేతిలో నగదు లేకపోవడం వల్ల. బ్రాంచ్‌వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఆ చివరి నెలల్లో ఖాళీ రాక్‌ల మధ్య నిలబడ్డ బ్రాంచ్ ఇన్‌ఛార్జిలకు కస్టమర్ అడిగితే చెప్పడానికి సమాధానం లేదు. పైన డబ్బు ఆగితే కింద చిన్న చక్రం కూడా తిరగని ఏర్పాటు అది. అప్పుల విస్తరణను ఎవరైనా తప్పు పడతారు. ఆ చక్రం గురించి ఎవరూ మాట్లాడలేదు.

సరిగ్గా అదే సమయంలో అమెరికాలో మేసీస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల చైన్ మరో దారి పట్టింది. 2006లో ఊరూరా పేరున్న పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ల బోర్డులు పీకేసి అన్నింటికీ మేసీస్ అని పెట్టింది. షికాగోలో మార్షల్ ఫీల్డ్స్ పేరు తీసేస్తే జనం వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. 2008లో కంపెనీ పాఠం నేర్చుకుని ‘మై మేసీస్’ అనే పద్ధతి మొదలుపెట్టి, 2009లో దేశమంతా అమలు చేసింది. పది పన్నెండు స్టోర్లకు ఒక జిల్లా చొప్పున 69 జిల్లాలు చేసి, అక్కడే ఉండే మనుషులు ఆ ఊళ్లకు ఏ సైజులు, ఏ రంగులు, ఏ బరువు కోట్లు కావాలో చెప్పేలా చేశారు. ఇందులో చేదు కూడా ఉంది. అదే 2009లో ఆ కంపెనీ దాదాపు 7,000 ఉద్యోగాలు తీసేసింది, ప్రాంతీయ ఆఫీసులు మూసి కొనుగోళ్లను న్యూయార్క్‌కి తెచ్చింది. అంటే బేరం ఒకచోట, ఎంపిక ఊళ్లో. ఉద్యోగాలు పోయిన తీరు నాకు నచ్చదు, కానీ ఆ పని విభజన మాత్రం సరైనదే అనిపిస్తుంది. వెయ్యి స్టోర్లకు కలిపి కొంటే వచ్చే ధర ఒక్క తిరుపతి మేనేజర్‌కి రాదు. తిరుపతికి ఏం కావాలో వెయ్యి స్టోర్ల ఆఫీసుకి తెలియదు.

తెలియదు అనడం ఊరికే కాదు. తమిళుల పెరటాసి నెలే చూడండి. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని నడిచి వచ్చే భక్తులతో రోడ్లు నిండిపోతాయి. మన జిల్లాలోనూ చాలా ఇళ్లలో ఆ నెలంతా మాంసం ముట్టరు. శనివారాల్లో స్వామికి తళిగ వేస్తారు. పులిహోర, వడలు, చక్కెర పొంగలి, పిండి దీపం. అంటే శుక్రవారం సాయంత్రానికి బెల్లం, మినపప్పు, చింతపండు, బియ్యప్పిండి, కర్పూరం, తిరుమణి రాక్‌లో నిండుగా ఉండాలి. గుడ్లు, ఫ్రోజెన్ చికెన్ తగ్గించుకోవాలి. కిందటి నెల అమ్మకం చూసి ఇండెంట్ వేసే కంప్యూటర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తుంది. గుడ్లు దండిగా పంపిస్తుంది, బెల్లం శనివారం మధ్యాహ్నానికే అయిపోతుంది. హెడాఫీసు క్యాలెండర్లో దసరా, దీపావళి ఆఫర్లు ఉంటాయి. పెరటాసి శనివారం ఉండదు.

మేలో గంగ జాతర వస్తుంది. చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండరు. ఇంటింటా అంబలి కాస్తారు, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ రోజుకో వేషం. రాగిపిండి, పసుపు, కుంకుమ, గంధం అమ్మకం ఎక్కడికో వెళ్తుంది. అదే నెలలో యూనివర్సిటీ హాస్టళ్లు ఖాళీ అయి బాలాజీ కాలనీ వైపు నూడుల్స్, బిస్కెట్ల అమ్మకం పడిపోతుంది. ఒకే ఊళ్లో రెండు బ్రాంచ్‌లకు ఒకే ఇండెంట్ పనికిరాదు. కౌంటర్లో తమిళం మాట్లాడే పిల్ల ఒకరైనా ఉండాలన్నది కూడా ఇక్కడ మేనేజర్‌కి తెలిసే సంగతే.

మామూలు రోజుల్లో ఈ తేడాలు లాభంలో కలిసిపోతాయి. చేతిలో డబ్బు ఆడనప్పుడే ప్రతి పెట్టె బయటికి కనిపిస్తుంది. కదలని సరుకులో ఇరుక్కున్న ప్రతి రూపాయీ రేపు కదిలే సరుకు కొనడానికి లేకుండా పోతుంది.

2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక స్వైప్ మెషిన్ ఉన్న చైన్ స్టోర్లకు మేలే జరిగింది, అది ఒప్పుకోవాలి. నోటు లేక చిన్న అంగళ్లు విలవిల్లాడాయి, అప్పు పద్దు ఉన్నవి ఎలాగో నెట్టుకొచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో మాత్రం కథ తిరగబడింది. రాష్ట్రాల సరిహద్దుల్లో లారీలు ఆగిపోయిన మొదటి వారాల్లో, పక్క ఊరి పిండి మిల్లు, పాల డెయిరీ, బెల్లం వ్యాపారి ఫోన్ నంబర్లు ఉన్న అంగళ్లే జనానికి సరుకు చూపించగలిగాయి. ఆ జులైలో తిరుపతిలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టి ఉదయం పూట కొన్ని గంటలే అంగళ్లు తెరవనిచ్చారు. ఆ కాస్త సమయంలో ఏ సరుకు ముందు వరసలో పెట్టాలి, ఎంతమందిని లోపలికి వదలాలి అన్నది ముంబయి హెడాఫీసు నుంచి తేల్చే పని కాదు. 2021 నవంబరు వరదల్లో ఊరి వీధులు చెరువులైనప్పుడూ అంతే.

అధికారం కింద ఇస్తే దొంగతనాలు పెరుగుతాయని, మేనేజర్ తన బంధువు దగ్గరే సరుకు కొంటాడని యాజమాన్యాలు భయపడతాయి. ఆ భయం ఉత్తిది కాదు, ఇలాంటివి జరుగుతాయి. దానికి మందు ఉంది. లోకల్ కొనుగోలుకు నెలకు ఒక పరిమితి పెట్టొచ్చు, ప్రతి బిల్లూ తర్వాత ఆడిట్ చేయొచ్చు, తరుగు ఎక్కువైతే నిలదీయొచ్చు. కానీ మేనేజర్‌ని ఏడాదికోసారి బదిలీ చేస్తూ పోతే ఎంత అధికారం ఇచ్చినా వృథా. ఒక్క పెరటాసి కూడా పూర్తిగా చూడని మనిషికి రెండో పెరటాసికి ఏం తెప్పించాలో ఎలా తెలుస్తుంది? కష్టకాలంలో జీతం ఎక్కువన్న పేరుతో ముందు పంపించేసేది పాతవాళ్లనే. వాళ్లతోపాటు ఊరి లెక్క కూడా పోతుంది.

అమెరికాలో పుస్తకాల చైన్ బార్న్స్ అండ్ నోబుల్ ఇటీవలి సాక్ష్యం. ఏళ్ల తరబడి స్టోర్లు మూసుకుంటూ వచ్చిన ఆ సంస్థను 2019లో జేమ్స్ డాంట్ చేపట్టాడు. అంతకుముందు బ్రిటన్‌లో వాటర్‌స్టోన్స్ అనే పుస్తకాల చైన్‌ను నిలబెట్టింది కూడా ఆయనే. ముందు బల్ల మీద ఏ పుస్తకం పెట్టాలో ప్రచురణకర్తలు డబ్బిచ్చి నిర్ణయించే అలవాటు మానిపించి, ఆ పని ఒక్కో స్టోర్‌కి అప్పగించాడు. కరోనాలో మూతపడ్డ రోజుల్ని స్టోర్లు మళ్లీ సర్దుకోవడానికి వాడుకున్నారు. 2023లో ఆ సంస్థ 30 దాకా కొత్త స్టోర్లు తెరిచింది.

మన దగ్గర అడ్డు ఎక్కువగా కాగితాల్లో ఉంది. చిత్తూరు జిల్లాలో బెల్లం వండేవాళ్లు, పచ్చళ్లు పెట్టే మహిళా సంఘాలు, చెక్కగానుగ నూనె తీసేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల సరుకు పక్కనే ఉన్న చైన్ స్టోర్ రాక్ ఎక్కాలంటే హెడాఫీసులో వెండర్ కోడ్ (సరఫరాదారు నమోదు నంబరు) పుట్టాలి. అదీ బ్రాంచ్‌లన్నింటికీ సరిపడా సరఫరా చేస్తామని మాటిస్తేనే. యాభై కిలోల బెల్లం అమ్ముకునే మనిషి అంత మాట ఇవ్వలేడు, ఇవ్వాల్సిన పనీ లేదు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్, బిల్లు, నాణ్యత పరీక్ష, ఈ మూడూ ఉంటే ఒక్క బ్రాంచ్‌కి మాత్రమే సరఫరా చేసే వెండర్‌గా నమోదు చేసే వీలు కల్పించాలి. ఆ సంతకం పెట్టే హక్కు తిరుపతి మేనేజర్‌కి ఉండాలి, చిత్తూరు మేనేజర్‌కి విడిగా ఉండాలి.