కుక్కకింత అని లెక్కకట్టిన నాటి నుంచి

సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఇచ్చిన ఆదేశంతో వీధికుక్కల వివాదం మళ్లీ రాజుకుంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేశాక తిరిగి అక్కడ వదలొద్దని కోర్టు చెప్పింది. అంతకుముందు ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని పట్టినచోటే వదలమంది. వాదనలన్నీ కుక్కను ఎక్కడ వదలాలన్నదాని చుట్టూనే తిరిగాయి. ఆపరేషన్ చేసే చోటు ఎలా ఉందో, చేసేవాళ్లు ఎలా ఉన్నారో పెద్దగా చర్చకు రాలేదు.

మద్రాసులో బ్లూక్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ 1964లో ఈ ఆపరేషన్లు మొదలుపెట్టిన దగ్గర్నుంచి కథ చెప్పనక్కర్లేదు. అసలు మలుపు 2001 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్, అంటే జంతు సంతాన నియంత్రణ) నియమాల్లో ఉంది. జంతు సంక్షేమ సంస్థలకు పదిహేను రోజులకోసారి, ఖరారైన రేటు ప్రకారం, చేసిన ఆపరేషన్లు, టీకాల సంఖ్యను బట్టి డబ్బు ఇవ్వాలని అందులో రాశారు. వింటే సబబుగానే ఉంటుంది. కానీ కుక్కను తూచడం, మత్తు దిగేదాకా పక్కన మనిషిని ఉంచడం, కుక్కలు పట్టేవాళ్లకు టీకాలు వేయించడం, ఇవేవీ ఆ సంఖ్యలో కనిపించవు. రేటు తక్కువ వేసి టెండరు దక్కించుకున్నవాళ్లు ముందుగా కోత పెట్టేది వీటికే.

2023 మార్చిలో కొత్త నియమాలొచ్చాయి. ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజులు కుక్కను ఉంచుకోవాలన్నారు. అది మంచి నిబంధన. పట్టిన రోజు ఒకటి (ఆ రాత్రి తిండి పెట్టకూడదు), ఆపరేషన్ రోజు ఒకటి, ఆ తర్వాత నాలుగు. మొత్తం ఆరు రోజులు ఒక కెన్నెల్ (కుక్కను ఉంచే గది) ఒక కుక్కదే. అంటే 100 కెన్నెళ్లున్న ఆపరేషన్ కేంద్రం రోజుకు 16 ఆపరేషన్లకు మించి చేయలేదు. జబ్బు కుక్కలకు ఐదారు విడిగా ఉంచితే 15 దాటవు. చెయ్యి తిరిగిన డాక్టరు రోజుకు ఇంతకన్నా ఎక్కువే చేయగలరు, అడ్డం పడేది కెన్నెలే. అదే కేంద్రానికి రోజుకు 30 లక్ష్యం పెడితే మూడోనాటికే కుక్క వీధిలో ఉంటుంది. అది కుట్లు నాకుతుంది, గాయం విచ్చుకుంటుంది, పురుగు పడుతుంది. ఫొటోలు బయటికొస్తాయి, విచారణ పేరుతో కేంద్రం మూతపడుతుంది, ఈలోపు పేటలో మరో ఈత పిల్లలు పుడతాయి.

సవ్యంగా నడిచే కేంద్రంలో పని వరుస వేరుగా ఉంటుంది. ఆడకుక్కలు ముందు, మగవి చివర. అండాశయం దగ్గర వేసిన ముడి జారితే లోపల రక్తం కారుతుంది. అప్పుడు చిగుళ్లు పాలిపోతాయి, అది గమనించడానికి పగటి పూట మనుషులుండాలి, అందుకే ఆడవాటి పని మధ్యాహ్నం లోపే ముగించాలి. ప్రతి కుక్కనూ తూచాకే జైలజీన్, కెటమిన్ అనే మత్తుమందుల మోతాదు. కంటి అంచనాతో పొడిస్తే బక్క కుక్క మళ్లీ లేవదు. డాక్టరుకు రెండు బల్లలుండాలి. ఒకదాని మీద ఆపరేషన్ నడుస్తుంటే రెండోదాని మీద సహాయకుడు బొచ్చు గీసి శుభ్రం చేస్తాడు. పనిముట్ల కట్ట కుక్కకొకటి, 16 కుక్కలుంటే 16 కట్టలు, ఏదైనా కిందపడితే వాడుకోవడానికి ఇంకో రెండు. అన్నీ ముందురోజే ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల దగ్గర ఉడకాలి. కట్టలు చాలక ఒకే కత్తెరను మందునీళ్లలో ముంచి తీస్తూ పోతే చీము కొన్ని రోజులకు బయటపడుతుంది. అప్పటికి కుక్క చేతిలో ఉండదు. వీధికుక్క కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ రాదు కాబట్టి కరిగిపోయే దారం, చర్మం లోపలి కుట్టు తప్పనిసరి.

మనుషుల సంగతి ఇంకా దారుణం. బల్ల ఎత్తు డాక్టరు మోచేతికి సరిపోకపోతే రోజంతా మెడ వంచే ఉంటుంది. అమెరికాలో ఇదే పని చేసే 219 మంది డాక్టర్ల మీద చేసిన, 2013లో అచ్చయిన సర్వేలో దాదాపు అందరూ ఒళ్లు నొప్పులున్నాయనే చెప్పారు. మన దగ్గర వలపట్టే కూలీకి రేబిస్ ముందస్తు టీకా 0, 7, 21 లేదా 28వ రోజున పడాలి. మొదటి కుక్కను పట్టేలోపే ఇవి పూర్తి కావాలి. రోజుకూలీగా వచ్చి పోయేవాడికి మూడో సూది ఎవరు గుర్తుపెట్టుకుని వేయిస్తారు?

అవతలి వాదనకూ బలముంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపాక, వాటిని కంటికి కనపడకుండా తీసుకెళ్లమని తల్లిదండ్రులు అడగడంలో తప్పు లేదు. బడి ఆవరణలో కుక్క ఉండకూడదనడమూ న్యాయమే.

అయితే ఆ కుక్కలను ఇప్పుడున్న ఏబీసీ కేంద్రాల్లోనే పెడితే లెక్క తిరగబడుతుంది. ఆరు రోజులకోసారి ఖాళీ అయ్యే కెన్నెల్ ఏడాదికి దాదాపు 60 కుక్కల ఆపరేషన్లకు పనికొస్తుంది. శాశ్వతంగా ఒక కుక్కకు ఇచ్చేస్తే ఒక్కదానికే. 100లో 40 అలా నిండితే రోజుకు 16 కాదు, 10 ఆపరేషన్లే. ఆపరేషన్లు తగ్గితే బడి గోడ అవతల పిల్లలు పుడుతూనే ఉంటాయి, మళ్లీ అవే లోపలికొస్తాయి. కాబట్టి మునిసిపాలిటీలు షెల్టరు గదులను ఏబీసీ కెన్నెళ్లతో కలపకుండా వేరే స్థలంలో, వేరే పద్దు కింద కట్టాలి. వచ్చే టెండర్లలో కుక్కకింత అన్న ఒక్క గడి బదులు కెన్నెల్ రోజులకు, పనిముట్ల కట్టలకు, సిబ్బంది టీకాలకు విడివిడిగా రేటు రాయాలి.